మూడో వరుస, గోడ పక్క కుర్చీ

మా మేనకోడలు విశ్వవిద్యాలయంలో చేరిన పంతొమ్మిదో రోజు రాత్రి ఫోన్ చేసింది. పదకొండు దాటాక ఫోన్ మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఎత్తగానే "ఏమీ కాలేదు మామయ్యా, ఊరికే చేశాను" అంది. ఊరికే చేసిన ఫోన్లు నలభై నిమిషాలు సాగవని తనకూ తెలుసు, నాకూ తెలుసు. క్లాసుల గురించి, కదిలితే కిర్రుమనే మంచం గురించి, పొద్దున్నే స్నానాల గదుల ముందు వరుస గురించి చెప్పి చెప్పి, ఇక పెట్టేస్తుందని అనుకుంటుండగా అసలు మాట బయటపెట్టింది. "నా ఫోన్లో నూట నలభై కొత్త నంబర్లు చేరాయి. భోజనానికి వెళ్దాం రా అని పిలవడానికి అందులో ఒక్కటీ లేదు."

ఆ తర్వాత ఇంకో సంగతి చెప్పింది. భోజనశాల మూసేయడానికి పావుగంట ముందు వెళ్తోందట. అప్పటికి బల్లలన్నీ దాదాపు ఖాళీ అయిపోతాయి కాబట్టి ఒంటరిగా కూర్చున్నట్టు ఎవరికీ కనబడదట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ పావుగంటే.

చేరిన రోజున కొత్త విద్యార్థులందరికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. రోజుకు కనీసం ఐదుగురు కొత్తవాళ్లను పలకరించండి, ప్రతి కార్యక్రమానికీ వెళ్లండి, మొదటి వారాలు మళ్లీ రావు, ఈ ధోరణిలో సాగుతుంది. మా పిల్ల చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఆరు క్లబ్బుల్లో పేరిచ్చింది. సాయంత్రం ఒకచోట పావుగంట, మరోచోట అరగంట. ప్రతిచోటా అదే తంతు: పేరేమిటి, ఏ కోర్సు, ఏ ఊరు, నంబర్ ఇస్తావా. పంతొమ్మిది రోజుల పాటు తన జీవితచరిత్రలోని మొదటి పేజీనే నూట నలభై సార్లు చదివి వినిపించింది. రెండో పేజీ తిప్పే తీరిక దొరకలేదు.

ఆ సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కాదనను. కానీ తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. మొదటి వారాల్లో కొత్తవాడు చేయవలసింది వీలైనంత మందిని కలవడం కాదు. వీలైనన్ని సార్లు ఒకేచోట కూర్చోవడం. ఈ మాట ఎక్కడికీ కదలని బద్ధకస్తుడి వాదనలా వినిపిస్తుందని తెలుసు. అయినా కొంతదూరం నాతో రండి.

లెక్క కుదరదు

అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ స్నేహానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కగట్టే ప్రయత్నం చేశాడు. కొత్త ఊరికి వచ్చినవాళ్లనూ, విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరినవాళ్లనూ అడిగి, 2018లో ఫలితాలు ప్రకటించాడు. ముఖపరిచయం కాస్త స్నేహంలోకి దిగడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు కావాలి. స్నేహితుడని చెప్పుకోవడానికి 90 గంటల దాకా. ప్రాణస్నేహానికి 200 గంటలు దాటాలి. మనుషుల సంగతిలో ఇంత కచ్చితంగా అంకెలు చెబితే నాకు మొదట నవ్వు వస్తుంది. ఎవరూ గడియారం పెట్టుకుని స్నేహం చేయరు. ఆ అంకెలు సగటులే, కొలతబద్దలు కావు.

అయినా ఒకసారి కూడి చూద్దాం. ఒకే మనిషితో రోజుకు రెండు గంటలు గడిపినా, పంతొమ్మిది రోజులకు 38 గంటలు. అంటే తొలి మెట్టు కూడా ఎక్కలేదు. అదే 38 గంటలను నూట నలభై మందికి పంచితే మనిషికి పదహారు నిమిషాల దగ్గర ఆగిపోతుంది. ఆ పదహారు నిమిషాల్లో ఎవరైనా ఎవరికి ఏమవుతారు? మూడో వారంలో తనకు స్నేహితులు లేరని ఏడ్చే విద్యార్థిలో లోపం వెతికేముందు ఈ కూడిక చేసి చూడాలి. తను వెనకబడలేదు. మూడో వారానికి అందరూ ఉండే చోటే ఉంది.

"మరి మిగతావాళ్లంతా గుంపులు గుంపులుగా తిరుగుతున్నారే?" అని అడిగింది మా పిల్ల. తిరుగుతారు. ఒంటరిగా కనబడటమంటే భయం కాబట్టి ఎవరు దొరికితే వాళ్లతో తిరుగుతారు. ఆ గుంపుల్లో సగం సెమిస్టర్ చివరికి చెదిరిపోతాయి. అది నేను చూసిన సంగతే గానీ అప్పుడు తనకు చెప్పలేదు. ఏడుస్తున్న పిల్లకు మిగతావాళ్లు కూడా లోపల ఏడుస్తున్నారని చెబితే పెద్దగా ఊరట ఉండదు.

పక్క కుర్చీ

నా సంగతి చెబుతాను. చేరిన నాలుగో రోజున తప్పు హాల్లో కూర్చున్నాను. గది నంబరు సరిగ్గానే చూసుకున్నాను, భవనం మాత్రం వేరు. పది నిమిషాలు గడిచేసరికి నల్లబల్ల మీద పడుతున్న సమీకరణాలు నేను చదవాల్సినవి కావని అర్థమైంది. అప్పుడే లేచి బయటికి వెళ్లిపోవచ్చు. కానీ తలుపు ముందు వైపుంది, ఆచార్యుడి పక్కనుంచి పోవాలి. రెండు వందల మంది చూస్తారు. నేను గంటసేపూ కూర్చున్నాను. కూర్చోవడమే కాదు, ఎవరికీ అనుమానం రాకుండా నోట్సు కూడా రాసుకున్నాను. నాకు ఎన్నడూ అక్కరకు రాని ఆ మూడు పేజీలు చాలాకాలం నా దగ్గరే ఉండేవి.

గంట మోగాక వరండాలోకి వచ్చి టైమ్‌టేబుల్ మళ్లీ తీసి చూసుకుంటుంటే, నా పక్క కుర్చీలో శ్రద్ధగా తల ఊపుతూ రాసుకున్న కుర్రవాడు నాలుగడుగుల దూరంలో నిలబడి అదే కాగితం తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఇద్దరం ఒకరి చేతిలోది ఒకరం చూశాం. అతనే ముందు నవ్వాడు.

ఇక్కడ కథ అల్లేవాడైతే మేమిద్దరం ప్రాణస్నేహితులం అయ్యామని రాస్తాడు. కాలేదు. అతని కోర్సు వేరు, హాస్టల్ వేరు. పేరు తెలియడానికే ఏడాది పట్టింది. కానీ నాలుగేళ్లపాటు ఎక్కడ ఎదురుపడినా తల ఊపుకునేవాళ్లం. ఎందుకో ఆ తల ఊపు నాకు చాలా అండగా ఉండేది. ఇంత పెద్ద ఆవరణలో నన్ను గుర్తుపట్టే కళ్లు రెండు ఉన్నాయన్న ధైర్యం. పుస్తకాలు రాసేవాళ్లు స్నేహాన్ని లెక్కపెడతారు గానీ ఈ తల ఊపులను లెక్కపెట్టరు. మొదటి వారాల్లో మనిషిని నిలబెట్టేవి ఎక్కువగా ఇవే.

దీనికి నా అనుభవమే తప్ప ఆధారం లేదనుకుంటారేమో. ఉంది. రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో ఒక తమాషా ప్రయోగాన్ని ప్రచురించారు. చూడటానికి దాదాపు ఒకేలా ఉండే నలుగురు యువతులను ఎంచుకుని ఒక పెద్ద విశ్వవిద్యాలయ తరగతికి విద్యార్థినుల్లా పంపారు. ఒకరు అసలు వెళ్లలేదు, ఒకరు ఐదుసార్లు, ఒకరు పది, ఒకరు పదిహేను సార్లు వెళ్లారు. ఎవరితోనూ మాట్లాడకూడదని నియమం. వచ్చి కూర్చుని, పాఠం విని, వెళ్లిపోవాలి. సెమిస్టర్ చివర వాళ్ల ఫొటోలు చూపించి తరగతిని అడిగితే, ఎక్కువసార్లు వచ్చినవారే ఎక్కువ నచ్చారు. నోరు విప్పలేదు, నంబర్ ఇవ్వలేదు. రావడం, కూర్చోవడం, అంతే.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఇంకా సూటిగా తేల్చారు. కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి సమావేశంలో కుర్చీలు చీటీలు తీసినట్టు కేటాయించారు. ఏడాది తర్వాత చూస్తే, ఆ రోజు పక్కపక్క కుర్చీల్లో పడ్డవాళ్ల మధ్య స్నేహం మిగతావారికంటే గాఢంగా ఉంది. ఒకే వరుసలో పడ్డవాళ్ల మధ్యా కొంత ఎక్కువే. 2008లో అచ్చయిన పరిశోధన ఇది. అంతకు చాలా ముందే, 1950లో, మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ బృందం అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల నివాసాల్లో ఇలాంటిదే కనిపెట్టింది: పక్క గుమ్మం వాళ్లలో 41 శాతం మందిని దగ్గరి స్నేహితులుగా చెప్పారు, అదే అంతస్తులో ఆ చివర ఉన్నవాళ్లలో 10 శాతం మందినే. మెట్ల దగ్గరా, ఉత్తరాల పెట్టెల దగ్గరా ఉన్నవాళ్లకు పై అంతస్తులోనూ స్నేహితులు దొరికారు. వాళ్ల గుణం గొప్పదని కాదు. నలుగురూ వాళ్ల గుమ్మం ముందు నుంచే నడుస్తారు.

అందుకే మా పిల్లతో అన్నాను: "రేపటి నుంచి ఒక పని చెయ్యి. క్లాసులో ఒక కుర్చీ, లైబ్రరీలో ఒక బల్ల, భోజనశాలలో ఒక మూల ఎంచుకో. రోజూ అదే వేళకు అక్కడే కూర్చో. ఎవరినీ పలకరించాలని ఒట్టు పెట్టుకోకు."

"అంతేనా?" అంది నీరసంగా. పెద్ద మంత్రమేదో చెబుతానని ఎదురుచూసినట్టుంది.

ఇంటి మీద బెంగ

ఇంటి మీద బెంగకు వైద్యశాస్త్రంలో పేరు పెట్టినవాడు కూడా పంతొమ్మిదేళ్ల విద్యార్థే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వైద్యం చదువుతున్న యోహానెస్ హోఫర్ 1688లో తన సిద్ధాంత వ్యాసంలో గ్రీకు మాటలు రెండు కలిపి నాస్టాల్జియా అన్నాడు. ఇంటికి తిరిగి చేరడం ఒక మాట, నొప్పి మరో మాట. ఆ వ్యాసంలోని రోగుల్లో ఒకడు బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన యువకుడు. రెండింటికీ మధ్య దూరం నేటి దారిలో వంద కిలోమీటర్ల చిల్లర. దిగులు పట్టుకుంది, జ్వరం వచ్చింది, మంచాన పడ్డాడు, బతకడనుకున్నారు. ఇంటికి పంపించే ఏర్పాట్లు మొదలుకాగానే ఊపిరి తేలికపడింది. బండి ఊరు దాటి కొద్ది దూరం పోయేసరికి లక్షణాలన్నీ తగ్గుముఖం పట్టాయి. బెర్న్ చేరేలోపే కోలుకున్నాడు.

ఈ ఉదంతం నాకు చాలా ఇష్టం. మూడు వందల ఏళ్ల నాటి ఆ కుర్రవాడిని ఎవరూ పిరికివాడని వెక్కిరించలేదు, జబ్బుపడ్డాడన్నారు. ఇప్పుడు మనం ఎంత నాగరికులమంటే, ఇల్లు గుర్తొచ్చి ఏడిస్తే "ఇంకా చిన్నపిల్లవా?" అంటాం.

మరి ఫోన్ మాటేమిటి? ఆ కుర్రవాడి దగ్గర ఫోన్ ఉంటే నయమయ్యేవాడా, ముదిరేదా? నాకు రెండూ నిజమనిపిస్తుంది. మా అక్క రోజుకు ఆరుసార్లు చేస్తోంది. లేచావా, తిన్నావా, క్లాసు అయిందా, ఎవరైనా పరిచయమయ్యారా. మొదటి మూడింటితో పేచీ లేదు, నాలుగోదే ప్రాణం తీస్తుంది. "అక్కా, మొక్క నాటి రోజూ వేళ్లు దిగాయా అని పీకి చూస్తే అది ఎలా బతుకుతుంది? ఆ ప్రశ్న ఒక నెల మానెయ్యి" అన్నాను. నీకు పిల్లలుంటే తెలిసేది అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ మర్నాటి నుంచి రాత్రి తొమ్మిదికి ఒకేసారి చేస్తోంది. ఎప్పుడు మోగుతుందో తెలియని ఫోన్ మనిషిని సగం ఇంట్లోనే ఉంచుతుంది. వేళకు వచ్చే ఫోన్‌కైతే చెప్పుకోవడానికి రోజంతా ఏదో ఒకటి పోగుచేసుకుంటాం.

ఫస్టు వచ్చినవాళ్లందరూ ఒకే గదిలో

స్నేహితుల దిగులు వెనక ఇంకో దిగులు దాక్కుని ఉంటుంది. దాన్ని పిల్లలు మామయ్యలకు కూడా చెప్పరు. బడిలో తనే ముందు. ఇక్కడ మొదటి క్లాసు పరీక్షలో మధ్యలో ఎక్కడో ఉంది. పక్కవాళ్లు చేయి ఎత్తి అడిగే ప్రశ్న కూడా అర్థం కాలేదు. పొరపాటున తీసుకున్నారేమో, ఏదో ఒక రోజు పిలిచి వెళ్లిపొమ్మంటారేమో అన్న భయం.

ఇదీ లెక్కే. ఎక్కడికక్కడ ముందున్నవాళ్లందరినీ ఏరి ఒకే గదిలో కూర్చోబెడితే, అందులో సగం మంది సగం కింద ఉండక తప్పదు. ఎవరి తెలివీ తగ్గలేదు, గది మారింది. చెప్పడం తేలిక, పంతొమ్మిదేళ్ల వయసులో మింగడం కష్టం.

ఇక్కడ మాత్రం మాటకు బలం ఉందని చూపిన పరిశోధన ఒకటి ఉంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. మొదటి ఏడాది విద్యార్థులకు ఒక గంటసేపు, పై తరగతుల వాళ్ల అనుభవాలు చదివించారు: మాకూ మొదట్లో ఇది మా చోటు కాదనిపించింది, అందరికీ అనిపిస్తుంది, కొంతకాలానికి పోయింది అని. తర్వాత దాని గురించి వాళ్ల సొంత మాటల్లో రాయించారు. అంతే. ఆ తరువాతి మూడేళ్లలో, ఆ విశ్వవిద్యాలయంలోని నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి విద్యార్థులతో వాళ్లకున్న అంతరం సగానికి తగ్గింది. ఇది నీ చోటు కాదు అన్న సందేహం ఎవరిని ఎక్కువగా వేధిస్తుందో వాళ్లకే ఆ గంట ఎక్కువగా అక్కరకొచ్చింది.

ఆ చిన్న పుస్తకంలో కావలసింది ఇదే. రోజుకు ఐదుగురిని పలకరించమనే పేజీ చింపి, సీనియర్ ఒకరు తన మూడో వారం ఎలా గడిచిందో నిజం రాసిన పేజీ అతికిస్తే చాలు. కానీ సీనియర్లను రాయమంటే అందరూ విజయగాథలే రాస్తారు, అదొక బెడద.

నా వాదనలో చిల్లులు

రాసినదాన్ని మళ్లీ చూసుకుంటే నాకే కొన్ని పొసగడం లేదు.

పక్క కుర్చీ లాటరీ అయితే, లాటరీలో ఓడిపోయినవాళ్ల మాటేమిటి? పక్కన కూర్చున్నవాడు మూర్ఖుడైతే ఏడాదిపాటు వాడినే భరించాలా? పైగా నిజజీవితంలో ఎవరూ చీటీలు తీసి కూర్చోబెట్టరు. తమ భాష మాట్లాడేవాళ్ల పక్కన, తమ బడి నుంచి వచ్చినవాళ్ల పక్కన, తమలాంటి బట్టలు వేసుకున్నవాళ్ల పక్కన కూర్చుంటారు. ఆ మొదటి వారపు కుర్చీనే పట్టుకుని వేలాడమంటే, చదువు పేరుతో ఊరు దాటి వచ్చి మళ్లీ పాత వీధిలోనే కూర్చోమన్నట్టు అవుతుంది. ఇందుకు చేసుకోగల సవరణ ఒక్కటే: ఎంచుకున్న మూడు చోట్లలో ఒకటైనా ముందు తెలిసిన మొహం ఒక్కటీ లేనిదై ఉండాలి.

రోజూ ఇంటి నుంచి వచ్చి పోయేవాళ్లకు, క్లాసు అవగానే పనికి పరుగెత్తేవాళ్లకు ఈ సలహా సగమే పనికొస్తుంది. స్నేహాలు క్లాసుల్లో కంటే క్లాసుల తర్వాతి ఖాళీలో పెరుగుతాయి, ఆ ఖాళీ వాళ్లకు లేదు. వాళ్లకు 200 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? అదే బస్సు, అదే సీటు అనవచ్చు. కానీ అది జవాబు దొరక్క చెప్పిన మాటేనని నాకూ తెలుసు.

ఓపిక పట్టమనడం ప్రమాదమయ్యే సందర్భం కూడా ఉంది. వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, మంచం దిగి క్లాసుకు వెళ్లలేకపోతే, బతకాలని లేదన్న మాట నోట వస్తే అది కుర్చీలతో, కూడికలతో తేలేది కాదు. ఆ రోజే వైద్యుడికో, అక్కడి కౌన్సెలర్‌కో, పక్క గదిలో ఉన్నవాళ్లకో చెప్పాలి. మా పిల్లను ఆ రాత్రి సూటిగానే అడిగాను. లేదంది. మర్నాడు మళ్లీ అడిగాను.

ఇక చివరి అనుమానం నా మీదే. నేను సహజంగా ముడుచుకునే మనిషిని. నా గదిలో ఉండినవాడు ఇందుకు పూర్తిగా విరుద్ధం. వారం తిరిగేసరికి అతనికి కాపలాదారు పిల్లల పేర్లతో సహా తెలుసు. రోజుకు ఐదుగురేమిటి, యాభై మందిని పలకరించేవాడు, వాళ్లలో కొందరితో నిజంగానే జీవితాంతపు స్నేహాలు కుదిరాయి. అతను ఈ వ్యాసం చదివితే, నీ పిరికితనానికి పరిశోధనలు తోడు తెచ్చుకున్నావురా అంటాడు. అనగలడు. కానీ అతనికి ఏ పుస్తకమూ అక్కరలేదు. అవి రాసేది మాలాంటివాళ్ల కోసం, రాసేవాళ్లు మాత్రం అతనిలాంటివాళ్లు.

ఆ తర్వాత

మేనకోడలు ఆరు క్లబ్బుల్లో నాలుగు వదిలేసింది. వదిలేసిన వారమంతా తప్పు చేశానేమోనని గింజుకుంది. నాటకాల బృందంలో తెర వెనక పని ఒకటి, ఉదయపు పరుగు ఒకటి ఉంచుకుంది. క్లాసులో మూడో వరుసలో గోడ పక్క కుర్చీ తీసుకుంది. భోజనశాలకు మాత్రం చాలా రోజులు ఆ ఆఖరి పావుగంటకే వెళ్లింది. తొందరపెట్టలేదు నేను.

ఏడో వారంలో ఒక మెసేజ్ వచ్చింది. పొద్దున బస్సు తప్పి క్లాసుకు ఆలస్యమైందట. వెళ్లి చూస్తే హాలు నిండి ఉంది, గోడ పక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. పక్క కుర్చీలో రోజూ కూర్చునే అమ్మాయి అందులో తన సంచి పెట్టి ఉంచింది. ఈమె రాగానే మాట్లాడకుండా సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పేరేమిటి?" అని రాశాను.

"ఇంకా అడగలేదు" అని జవాబిచ్చింది. దాని కిందే ఇంకో వాక్యం ఉంది, సెలవులకు ఇంటికి రావడానికి టికెట్ తీసుకున్నానని, ఇంకా ముప్పై నాలుగు రోజులేనని.